వీపు వెనుక పెట్రోలు

మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన గరాజులో 1971 నాటి షెవ్రోలే సి-10 పికప్ ట్రక్కు ఒకటి ఉంది. ట్రక్కు అనగానే మన లారీని ఊహించుకోకండి. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చునే క్యాబు, వెనుక సామాను వేసుకునే మూతలేని తొట్టి, అంతే. ఈ బండిని ఆయన తన యౌవనంలోనే స్ప్రింగులు పొట్టివి వేయించి నేలబారుకు దించారు. పక్కన నిలబడితే దాని పైకప్పు నా గడ్డం దాకా వస్తుంది. తలుపు తీసి కూర్చుంటే మాత్రం పెట్రోలు వాసన గుప్పుమంటుంది. అందుకు కారణం సీటుకీ క్యాబు వెనుక గోడకీ మధ్య నిలువుగా నిలబెట్టిన పెట్రోలు ట్యాంకు. ఇరవై గ్యాలన్లు, అంటే దాదాపు 75 లీటర్లు, సరిగ్గా డ్రైవరు వీపు వెనుక.

కిందటి వేసవిలో ఆయన మనుమడికి పదిహేడేళ్ళు నిండాయి. ఆ ట్రక్కు వాడిదేనని పుట్టినప్పటినుండీ ఇంట్లో అందరూ అనుకుంటున్నదే. పెద్దాయన కూడా కాదనలేదు. కానీ ట్యాంకును అక్కడినుండి తీసి మరో చోట పెట్టేదాకా తాళాలు ఇచ్చేది లేదన్నారు. ఆ పనికి ఒక మనిషి సాయం కావలసి వచ్చింది. టార్చిలైటు పట్టుకోవడం, అడిగిన పానా అందివ్వడం తప్ప వేరే విద్య రాని నేను దొరికాను.

నాలుగు వారాంతాలు పట్టింది ఆ పని. ఆ నెల రోజులూ రాత్రిళ్ళు కూర్చుని, ఈ ట్యాంకు అసలు వీపు వెనుకకు ఎలా వచ్చింది, అక్కడినుండి ఎక్కడికి పోయింది అని చదువుతూ పోయాను. కథలూ పద్యాలూ వ్రాసుకునే చోట ఈ గ్రీజు గోలేమిటని మిత్రులు విసుక్కోవచ్చు. కానీ చదివిన కొద్దీ ఇది యంత్రాల చరిత్రగా మిగల్లేదు. ప్రమాదాన్ని ఎవరి దగ్గర పెట్టాలి అన్న ప్రశ్నకు ఒక దేశం వందేళ్ళుగా ఇచ్చుకుంటూ వచ్చిన జవాబులు ఇందులో కనిపించాయి. అందుకే ఈ టపా.

మొదట్లో ట్యాంకు చోటును నిర్ణయించింది మనుషులు కాదు, భూమ్యాకర్షణ శక్తి. ఫోర్డు మోడల్-టి కారులో పెట్రోలు పంపు లేదు. ఇంజనుకన్నా ట్యాంకు ఎత్తులో ఉంటే పెట్రోలు తనంతట తాను కార్బురేటరులోకి దిగుతుంది. మన బజాజ్ స్కూటరులో సీటు కింద ట్యాంకు ఉండి, దాని కింద ఇంజను ఉన్న ఏర్పాటు అటువంటిదే. మోడల్-టి లోనూ చాలా ఏళ్ళపాటు ట్యాంకు ముందు సీటు కిందనే ఉండేది. పెట్రోలు పోయించాలంటే అందరూ దిగి, సీటు ఎత్తాలి. ఎంత ఉందో తెలియాలంటే కర్ర ముంచి చూసుకోవాలి. నిటారు కొండ ఎక్కేటప్పుడు ఇంజను పైకి, ట్యాంకు కిందికి అయ్యి పెట్రోలు అందేది కాదు. అందుకని జనం బండిని వెనక్కి తిప్పి, రివర్సు గేరులో కొండలెక్కేవారు. పెట్రోలు తక్కువైన స్కూటరును పక్కకు వంచి కిక్కు కొట్టిన వాళ్ళకి ఈ తంటా ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. 1925 లో ఫోర్డు కంపెనీ తన కర్మాగారంలోనే తొట్టి బిగించి, 281 డాలర్లకు అమ్మిన మొదటి పికప్పు ఈ మోడల్-టి మీద కట్టినదే.

తర్వాత 1928 మోడల్ సంవత్సరానికి వచ్చిన మోడల్-ఎ లో ట్యాంకును ముందు అద్దం కిందికి, డాష్‌బోర్డు వెనుకకు చేర్చారు. కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకు ఎదురుగా పది గ్యాలన్ల పెట్రోలు! గేజి అంటే ట్యాంకులో తేలే బెండుకు తగిలించిన అంకెల బిళ్ళ, డాష్‌బోర్డులోని గాజు కిటికీ గుండా నేరుగా కనిపించేది. తీగలు లేవు, కరెంటు లేదు. ఆ ఏర్పాటులోని సరళత్వానికి నేను ముగ్ధుణ్ణయిన మాట నిజం. ఆ బండిలో కూర్చోమంటే మాత్రం ఆలోచిస్తాను.

ఇంజనుతో నడిచే పెట్రోలు పంపు వచ్చాక ట్యాంకు ఎక్కడైనా ఉండవచ్చునన్న స్వేచ్ఛ వచ్చింది. 1932 ఫోర్డు వి-8 కార్లలో అది వెనుకకు వెళ్ళిపోయింది. ఇక్కడ కార్ల దారి, ట్రక్కుల దారి వేరయ్యాయి. కారు వెనుక భాగం ఎప్పటికీ అదే. ట్రక్కు అలా కాదు. రైతు ఒక తొట్టి పెట్టించుకుంటాడు, మేస్త్రీ ఇంకోటి, కొందరు తొట్టి తీసేసి చదునైన బల్ల బిగిస్తారు. కనుక క్యాబులోనే అన్నీ ఇముడ్చుకుంటే వెనుక ఏం పెట్టుకున్నా ఇబ్బంది లేదు. బురద కొట్టదు, రాయి తగలదు. షెవ్రోలే వాళ్ళు 1949 లో ట్యాంకును ఛాసిస్ మీదినుండి తీసి, క్యాబులో సీటు వెనుక నిలువుగా నిలబెట్టారు. 1972 మోడళ్ళ దాకా అది అక్కడే ఉంది. దాదాపు పాతికేళ్ళు! అప్పటి వాళ్ళకు ఇదేమీ వింతగా తోచినట్లు లేదు. మా పెద్దాయన తండ్రి ఆ ట్యాంకుకు వీపు ఆనించి, సిగరెట్టు కాలుస్తూ తోటలకు వెళ్ళేవాడట. ఈ సాన్ హొసే చుట్టుపక్కల కంప్యూటర్లు రాకముందు ఉన్నవన్నీ ఆప్రికాట్, ప్రూన్ తోటలూ, పండ్లను డబ్బాల్లో నింపే కర్మాగారాలూను. ఇవాళ ఎక్కడ చూసినా తెలుగు వినిపించే ఆఫీసుల కింద ఉన్నది ఆ తోటల మట్టే. సరే, ఇది శాఖాచంక్రమణం, వదిలేద్దాం.

ఇంధన ట్యాంకుల గురించి అమెరికా కేంద్ర ప్రభుత్వపు మొదటి నిబంధన 1968 జనవరి 1 నుండి అమలయ్యింది. 301వ నంబరు ప్రమాణం అంటారు దాన్ని. అది కూడా కార్లకు మాత్రమే, గోడకు ఎదురుగా గుద్దుకుంటే ఎంత కారుతుంది అన్నంతవరకే. వెనుకనుండి, పక్కనుండి తగిలే దెబ్బల లెక్క తర్వాత వచ్చింది. తేలికపాటి ట్రక్కులు దీని పరిధిలోకి రావడానికి 1970ల రెండో సగం దాకా పట్టింది.

ఈలోగా 1973 మోడళ్ళతో జనరల్ మోటార్స్ తన పికప్పులను పూర్తిగా కొత్తగా రూపొందించింది. వీపు వెనుక ట్యాంకు పోయింది. సీటు వెనుక జాగా వచ్చింది, వాసన పోయింది. మరి ట్యాంకు ఎక్కడికి వెళ్ళింది? బండి అడుగున పొడవునా రెండు ఉక్కు దూలాలుంటాయి. వాటినే ఛాసిస్ అంటాం. ఆ దూలాలకు బయటి వైపున, పక్క రేకుకు లోపల దాన్ని వేలాడదీశారు. గుర్రానికి రెండు వైపులా వేలాడే సంచుల్లాగా కావాలంటే రెండు ట్యాంకులు పెట్టించుకోవచ్చు. రెండూ కలిపి నలభై గ్యాలన్లు. ఆ ఏడాది అక్టోబరులోనే అరబ్బు దేశాలు చమురు ఆపేసి, బంకుల ముందు వరసలు మొదలయ్యాయి. రెండు ట్యాంకుల బండి మీద జనానికి ఎంత మోజు కలిగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

సమస్యల్లా పక్కనుండి మరో బండి వచ్చి గుద్దితే. అప్పుడు ఆ ట్యాంకుకూ ఆ బండి ముక్కుకూ మధ్య ఉన్నది ఒక పలచని రేకు. గుద్దిన బండి ముందుకు, ఛాసిస్ దూలం వెనుకకు, మధ్యలో ట్యాంకు. గంటకు 20 మైళ్ళ వేగంతో పక్కనుండి గుద్దించే ప్రభుత్వ పరీక్షలో ఆ బండ్లు నెగ్గాయి. రోడ్ల మీద ఎవరూ 20 మైళ్ళ వేగంతో మాత్రమే గుద్దుకోరు గదా. 1987 దాకా ఆ ట్యాంకులు ఆ చోటులోనే ఉన్నాయి. 1988 లో వచ్చిన కొత్త తరం బండ్లలో దూలాల మధ్యకు, లోపలికి మారాయి.

1989 లో జార్జియాలో పదిహేడేళ్ళ కుర్రవాడు ఒకడు 1985 జి.ఎం.సి. పికప్పు నడుపుతుండగా, తాగి బండి నడుపుతున్నవాడెవడో పక్కనుండి వచ్చి గుద్దాడు. ట్రక్కు అంటుకుంది, కుర్రవాడు చనిపోయాడు. దెబ్బకు చనిపోయాడా, మంటకు చనిపోయాడా అన్నదే కోర్టులో ప్రశ్న. 1993 ఫిబ్రవరి 4 న అట్లాంటాలో జ్యూరీ ఆ తల్లిదండ్రులకు 10 కోట్ల 52 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.

ఆ తీర్పు వచ్చిన అయిదు రోజులకే ఇంకొకటి జరిగింది. 1992 నవంబరు 17 న ఎన్.బి.సి. టెలివిజను తన 'డేట్‌లైన్' కార్యక్రమంలో ఈ ట్రక్కుల మీద ఒక కథనం ప్రసారం చేసింది. అందులో ఒక కారు వచ్చి ట్రక్కును పక్కనుండి గుద్దగానే మంట లేచింది. తీరా జనరల్ మోటార్స్ వాళ్ళు ఆ పరీక్షకు వాడిన బండిని వెదికించి పట్టుకుని పరిశీలిస్తే, మంట తప్పకుండా రావాలని ట్రక్కు కింద బొమ్మ రాకెట్ల ఇంజన్లు కట్టినట్టు తేలింది. ఆ సంగతి ప్రేక్షకులకు చెప్పలేదు. కంపెనీ దావా వేసింది. 1993 ఫిబ్రవరి 9 న ఎన్.బి.సి. అదే కార్యక్రమంలో సుదీర్ఘంగా క్షమాపణ చదివింది. కొద్ది వారాలకు వార్తా విభాగం అధ్యక్షుడు మైకేల్ గార్ట్‌నర్ రాజీనామా చేశాడు. పాత్రికేయం నేర్పే చోట ఇది నేటికీ పాఠమే.

మా పెద్దాయనకు అప్పట్లో పక్క ట్యాంకుల పికప్పు ఒకటి ఉండేదట, రోజూ పనికి వెళ్ళడానికి. ఆ కథనం చూసి అమ్మేద్దామనుకున్నారు, క్షమాపణ చూసి ఆగారు, తర్వాత మళ్ళీ అమ్మేశారు. ఎందుకని అడిగితే, "టీవీ వాళ్ళు అబద్ధమాడారు, సరే. ట్యాంకు ఉన్న చోటు కూడా అబద్ధమేనా?" అన్నారు. నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. రాకెట్ల మంట వెలుగులో ట్యాంకు సంగతే కనబడకుండా పోయింది. 1994 అక్టోబరులో రవాణా మంత్రి ఫెడెరికో పెన్యా ఆ బండ్లలో లోపం ఉందని ప్రాథమికంగా తేల్చినా, డిసెంబరులో రాజీ కుదిరింది. కంపెనీ రోడ్డు భద్రతా కార్యక్రమాలకు 5 కోట్ల 10 లక్షల డాలర్లకు పైగా ఇవ్వాలి. బండ్లను వెనక్కి పిలిపించనక్కరలేదు. అప్పటికి లక్షల సంఖ్యలో రోడ్ల మీద ఉన్న ఆ ట్రక్కులు తమ ట్యాంకులతో పాటే ముసలివయ్యాయి.

ట్యాంకు వెనుక ఉన్నా నిశ్చింత లేదని చెప్పడానికి ఫోర్డు పింటో కథ ఉంది. 1971 మోడలుగా వచ్చిన ఆ చిన్న కారులో ట్యాంకు వెనుక ఇరుసుకూ బంపరుకూ మధ్య ఉండేది. వెనుకనుండి గుద్దితే ట్యాంకు ముందుకు జరిగి, ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ బోల్టులకు తగిలి చిల్లులు పడేది. 1978 లో కాలిఫోర్నియాలోనే జ్యూరీ ఒక బాధితుడికి పరిహారం గాక 12 కోట్ల 50 లక్షల డాలర్ల దండన సొమ్ము విధించింది. న్యాయమూర్తి దాన్ని 35 లక్షలకు తగ్గించాడు. ఆ ఏడే దాదాపు 15 లక్షల కార్లను వెనక్కి పిలిచి, ట్యాంకుకూ డిఫరెన్షియల్‌కూ మధ్య ఒక ప్లాస్టిక్ అడ్డు పెట్టారు. మనిషి ప్రాణానికి 2 లక్షల డాలర్లు వెలకట్టి, మార్పు చేయడంకన్నా చావనివ్వడమే చవక అని ఫోర్డు లెక్క వేసిందన్న మాట మీరూ వినే ఉంటారు. మేనేజిమెంటు తరగతుల్లో నేనూ విన్నాను. ఆ కాగితం నిజమే. కానీ అది పింటో గురించీ కాదు, వెనుక దెబ్బ గురించీ కాదు. బండి పల్టీ కొట్టినప్పుడు పెట్రోలు కారడం గురించిన ఒక నిబంధన మీద, దేశంలోని అన్ని కంపెనీల బండ్లనూ లెక్కలోకి తీసుకుని ప్రభుత్వానికి సమర్పించినది. ఆ 2 లక్షల అంకె కూడా ప్రభుత్వ సంస్థ లెక్కలనుండి తెచ్చుకున్నదే. దీనివల్ల ఫోర్డు నిర్దోషి అయిపోదు. కథ నోరూరించేలా ఉన్నప్పుడు ఒకసారి ఆగి చూడాలని మాత్రం నాకు నేను చెప్పుకున్నాను.

ఇప్పుడు బండిని నేలబారుకు దించడం సంగతి. కాలిఫోర్నియాలో మెక్సికన్ అమెరికన్ యువకులు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాత కార్లు కొని, వాటిని కిందికి దించి, సాయంత్రాలు వీధుల్లో మెల్లగా నడిపేవారు. తక్కినవాళ్ళు బండిని వేగం కోసం మారుస్తుంటే వీళ్ళు నిదానం కోసం మార్చారు. 1958 లో రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. వాహన చట్టంలో 24008 సెక్షను. మార్పులు చేసిన బండిలో ఏ భాగమూ చక్రపు రిమ్ము అడుగు అంచుకన్నా కిందికి ఉండరాదు. పోలీసులు నేలబారు బండ్లను ఆపడానికి ఇది చాలా అనువైన ఆయుధమయ్యింది. మరుసటి ఏడే శాన్ బెర్నార్డినోకు చెందిన రాన్ అగీరె అనే యువకుడు, యుద్ధ విమానాల్లో వాడి మిగిలిన హైడ్రాలిక్ పంపులను తన కార్వెట్ కారుకు బిగించుకున్నాడు. ఇష్టమైనప్పుడు దించుకోవచ్చు, పోలీసు కనబడితే మీట నొక్కి లేపుకోవచ్చు! నేటికీ లోరైడర్ కార్లు ఎగిరి గంతులేసే విద్య వెనుక ఉన్నది ఆ సెక్షనే. 'లోరైడర్' పత్రిక 1977 లో మా ఊళ్ళోనే, సాన్ హొసేలోనే పుట్టింది. వీధుల్లో మెల్లగా తిరగడం మీద ఉన్న నిషేధాన్ని ఈ ఊరు 2022 లో ఎత్తివేసింది. 2023 లో ఆమోదం పొందిన చట్టంతో 2024 జనవరి 1 నుండి 24008 సెక్షను కూడా రద్దయ్యింది.

తన ఇరవయ్యో ఏట ఈ ట్రక్కుకే ఆ సెక్షను కింద ఎన్నిసార్లు చలానా రాశారో పెద్దాయన వేళ్ళు మడిచి చెప్పారు. రెండు చేతులూ చాలలేదు. పోలీసు నేల మీద బోర్లా పడుకుని స్కేలు పెట్టి కొలిచేవాడట. అందులో సగంసార్లు కొలవకుండానే రాసేవాడట.

ఇంతకూ ట్యాంకును ఎక్కడ పెట్టాలి? ఇన్ని కథలు చదివిన నేను, దూలాల మధ్యన, ఇరుసుకు ముందు పెట్టాలని సలహా ఇచ్చాను. అన్ని వైపులా ఉక్కు రక్ష ఉండే చోటు అదే. ఆయన నన్ను బండి కిందికి తీసుకెళ్ళి చూపించారు. సి-10 వెనుక భాగంలో కమాను కట్టలుండవు. చుట్ట స్ప్రింగులు, వాటితో పాటు ఇరుసును పట్టి ఉంచే రెండు పొడవాటి ఉక్కు చేతులు, ఆ చేతులను మోసే అడ్డ దూలం ఉంటాయి. వాటి మధ్య తిరిగే ఇనుప షాఫ్టు, పక్కనే సైలెన్సరు గొట్టం. బండిని దించేసరికి ఇవన్నీ పైకి వచ్చి, తొట్టి అడుగును దాదాపు తాకుతున్నాయి. ఇరుసు తగలకుండా దూలాలనే పైన అర్ధచంద్రాకారంగా కోసి, పట్టీలు వేసి బలపరిచారు. జానెడు జాగా లేదు. బండిని నేలకు దించడం కోసం ఇచ్చుకున్న మూల్యం సరిగ్గా ఆ భద్రమైన చోటే.

మిగిలింది ఇరుసు వెనుక, స్టెపినీ టైరు ఉండే చోటు. దూలాల మధ్యనే, కానీ బంపరుకు దగ్గర. పింటో గుర్తుకొచ్చి నాకు నచ్చలేదు.

ఇక్కడ చరిత్ర ఒక చిన్న చమత్కారం చేసింది. పాత ట్రక్కుల వాళ్ళు ఈ చోటుకు ఎక్కువగా వాడేది రెండు రకాల ట్యాంకులు. పాత ఫోర్డు ఎఫ్-100 వాళ్ళు 1964–70 నాటి మస్టాంగ్ కారు ట్యాంకు పెట్టుకుంటారు. ఆ కారు డిక్కీ నేలే ఆ ట్యాంకు పై రేకు. చుట్టూ అంచు ఉంటుంది గనుక ఎక్కడైనా రంధ్రం కోసి దించి, మరలు బిగిస్తే సరిపోతుంది. షెవ్రోలే వాళ్ళు ఎంచుకునేది బ్లేజర్ బండి ట్యాంకు. బ్లేజర్ అంటే పక్క ట్యాంకుల పికప్పుల కాలంలోనే, వాటి పోలికతోనే అదే కంపెనీ అమ్మిన బండి. దానికి మాత్రం ట్యాంకును వెనుక దూలాల మధ్యనే పెట్టారు! అంటే దూలాల మధ్య ట్యాంకు పెట్టడం ఆ కంపెనీకి 1973 నుండీ తెలుసు. ఈ సంగతి అర్థమయిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

మేము కొన్నది ఆ బ్లేజర్ తరహా ట్యాంకే, లోతు తక్కువది. మొదట పాత ట్యాంకు ఖాళీ చేశాము. ఖాళీ ట్యాంకు నిండిన దానికన్నా ప్రమాదకరమని అప్పుడే తెలిసింది. ద్రవం అంటుకోదు, దాని ఆవిరి అంటుకుంటుంది. ఖాళీ డబ్బా నిండా ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి. గరాజులో గీజరు దీపం ఆర్పించి, సామానంతా వీధివైపుకు మార్చి పని చేశాము. మూతి గొట్టం ఎక్కడా పైకి వంపు తిరగకుండా ట్యాంకులోకి ఏటవాలుగా దిగాలి, లేకపోతే పోసిన పెట్రోలు వెనక్కి చిమ్ముతుంది. గాలి పోయే సన్నగొట్టం వేరుగా ఉండాలి, బండి పల్టీ కొడితే మూసుకుపోయే కవాటం దానికి ఉండాలి. ఇంజను దాకా ఉక్కు గొట్టం కొత్తగా, సైలెన్సరుకు అవతలి వైపునుండి వేశారు. గేజి విషయంలో పెద్దాయన స్నేహితుడొకాయన తన షెవ్రోలేకు మస్టాంగ్ ట్యాంకు పెట్టుకుని పడ్డ పాట్లు చెప్పి నవ్వించారు. షెవ్రోలే గేజి సున్నా ఓములకు ఖాళీ అనీ, 90 కి నిండు అనీ చదువుతుంది. ఫోర్డు పరికరం ఖాళీకి 73, నిండుకు 10 ఓములు పంపుతుంది. ఫలితంగా ట్యాంకు నింపగానే ముల్లు ఖాళీకి పడిపోయేది, అయిపోయే కొద్దీ నిండుతూ వచ్చేది. ఆయన అలాగే ఆరు నెలలు నడిపారట.

వెనుక దెబ్బ గురించి నా పోరు పడలేక, పెద్దాయన ట్యాంకుకూ బంపరుకూ మధ్య దూలాలను కలుపుతూ నాలుగంగుళాల ఉక్కు పెట్టె దూలం ఒకటి అతికించారు. ఇరుసు వైపున్న డిఫరెన్షియల్‌కు ట్యాంకు తగలకుండా అరచేతి వెడల్పు ఖాళీ వదిలి, ట్యాంకు ముందు వంకరగా ఒక రేకు బిగించారు. ఇదంతా ఎంత వేగపు దెబ్బను ఆపుతుందో లెక్క వేసినవారు లేరు. కంపెనీలు కోట్లు ఖర్చుపెట్టి బండ్లను గోడలకేసి గుద్ది చూసుకుంటాయి. మాకున్నది ఒకే బండి.

నాలుగో ఆదివారం సాయంత్రం, అన్నీ బిగించాక, ఆయన వెనుక చక్రాల పక్కన కూర్చుని రెండు టైర్లలోనూ గాలి తీసేశారు. ఏమి చేస్తున్నారో నాకు అర్థం కాలేదు. బండి మెల్లగా కుంగి, రిమ్ముల మీద కూర్చుంది. అప్పుడు ఒక తిన్నని చెక్కపట్టీ తీసుకుని, నేల మీద బోర్లా పడుకుని, దాన్ని ట్యాంకు కిందినుండి అటువైపుకు తోయమన్నారు. పట్టీ ఎక్కడా తగలకుండా అవతలికి వచ్చింది. రెండంగుళాలు మిగిలింది. టైరు పేలి, బండి రిమ్ము మీద నడిచినా ట్యాంకు రోడ్డుకు రాసుకుని నిప్పురవ్వలు లేవవన్నమాట. నేను లేచి దుమ్ము దులుపుకుంటూ, "ఇది 24008 సెక్షను కొలతే కదండీ, ఆ చట్టం రద్దయిపోయింది కదా?" అన్నాను.

"తెలుసు. దాన్ని పట్టుకుని నన్ను యాభై ఏళ్ళు సతాయించారు" అన్నారాయన. మళ్ళీ వంగి, ఇంకొక వైపునుండి కూడా పట్టీ తోసి చూసుకున్నారు.

మరునాడు టైర్లు నింపి, సీటు బిగించారు. వీపు వెనుక ట్యాంకు లేదు గనుక సీటు నాలుగంగుళాలు వెనక్కి జరిగింది. తాతకన్నా జానెడు పొడుగైన మనుమడు మొట్టమొదటిసారి మోకాళ్ళు స్టీరింగుకు తగలకుండా కూర్చున్నాడు. పాత మూత ఉన్న రంధ్రాన్ని లోపలనుండి రేకుతో అతికించి మూసేశారు, కానీ పైన క్రోమియం మూతను మాత్రం అలాగే ఉంచారు. రంగు పాడుచేయడం ఇష్టం లేక అన్నారు. కొత్త మూతి తొట్టి నేలలో, చెక్క పలకల మధ్య ఒక చిన్న తలుపు కింద ఉంది.

ఆ శనివారం పొద్దున్న నేను వాకిట్లో మొక్కలకు నీళ్ళు పెడుతుంటే పెద్దాయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని బయటికి వచ్చారు. మనుమడు బంకులో ఉన్నాడు. క్యాబు పక్కన గొట్టం పట్టుకుని నిలబడి, ఆ పాత మూత తిప్పుతున్నాడట, రావడం లేదట. "వెనక్కి వెళ్ళు, తొట్టి ఎక్కి చూడు" అని చెబుతూ ఆయన నా వైపు చూసి చెయ్యి ఊపారు.